భీవండిలో కాపురం యెక్కడ?

కరీంనగరం, సిరిసిల్ల, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నేతపల్లెల్లో "బొంబాయి పోయిండు" అన్నారంటే ఆ మనిషి సముద్రం చూశాడని అనుకోనక్కరలేదు. చాలాసార్లు అతడు పోయింది భీవండికి. థాణే జిల్లాలో, ముంబయికి యీశాన్యంగా వున్న యీ వూరి జనాభా 2011 లెక్కల్లో 7,09,665. అంత పెద్ద వూరైనా చర్చిగేటుకో, వీటీకో నేరుగా తీసుకుపోయే లోకల్ రైలు దీనికి లేదు. వసయీ-దివా మార్గంలో భీవండి రోడ్ అనే స్టేషను వున్నదిగాని, అది వూరి చివర అంజూర్ ఫాటా దగ్గర. మనవాళ్ళకు రైలుకంటె బస్సే ఆప్తబంధువు. సాయంకాలం తెలంగాణలో యెక్కి రాత్రంతా కునికితే, మర్నాడు సాంచెల చప్పుడే వూరు వచ్చిందని చెబుతుంది. మరమగ్గాన్ని మనవాళ్ళు సాంచె అంటారని చదువరుల్లో చాలామందికి తెలుసు.

చెయ్యి తిరిగినవాడికి పని దొరకడం అంత కష్టం కాదు. సంచి దించిన రోజునే రాత్రి పాళీకి నిలబడినవాళ్ళు కద్దు. ఆ తరువాత వచ్చే ప్రశ్నే గట్టిది. వుండడం యెక్కడ?

యీ ప్రశ్న మనకొక్కరికే వచ్చిందని అనుకోకూడదు. ఐరోపా దక్షిణ తీరాన గ్రీసు, ఇటలీ, పోర్చుగల్ రేవుల్లో తెరచాప పడవనే యిల్లుగా చేసుకొని బతికేవాళ్ళు కొందరున్నారు. యిల్లే కదిలేటప్పుడు యెక్కడ వుండాలన్న బెంగ యెందుకని మనకు తోస్తుంది. చూడబోతే వాళ్ళ బెంగ మనకంటె పెద్దది. వేసవిలో ఈజియన్ సముద్రంమీద మెల్టెమి అనే ఉత్తరపుగాలి రోజుల తరబడి విడవకుండా కొడుతుంది. గ్రీసుకు పడమట అయోనియన్ దీవుల చెంత ఆ బాధ తక్కువ. చలికాలానికి తుఫాను తాకని రేవు చూసుకోవాలి. రేవువాళ్ళు పడవ పొడుగునుబట్టి అద్దె కడతారు, వేసవిలో యెక్కువ, చలికాలంలో తక్కువ. అన్నిటికీ మించినది కాగితం. ఐరోపా సమాఖ్యకు బయటివాడు, నివాసానుమతి లేకపోతే, షెంగెన్ దేశాలన్నిటిలో కలిపి యే 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి వుండరాదు. 2020 ముగిసేదాకా స్వేచ్ఛగా తిరిగిన ఇంగ్లీషువాళ్ళు సైతం యిప్పుడు వేళ్ళమీద రోజులు లెక్కపెడుతున్నారు. 2023 జనవరిలో క్రొయేషియా కూడా ఆ కట్టులో చేరింది గనుక, గడువు నిండినవాళ్ళు టర్కీకో, అల్బేనియాకో, మాంటెనెగ్రోకో లంగరెత్తవలసి వస్తున్నది. యింకొక వింత యేమంటే, వాళ్ళ పడవ పన్ను లేకుండా 18 నెలలు అక్కడ వుండవచ్చును. దాని యజమాని మాత్రం మూడు నెలలకే లేచిపోవాలి!

భీవండిలో ఒక పెద్దాయనకు యీ సంగతి చెప్పి, నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. "మన లెక్కనే ఉన్నది గదా" అన్నాడు.

భీవండి కూడా ఒకప్పుడు రేవే. ఉల్హాస్ ఖాడీ మీదుగా సరుకు పడవలు వచ్చేవి. యిప్పుడు పడవ ఆకారంలో మిగిలింది సాంచెలో అటూ యిటూ పరుగెత్తే నాడె ఒక్కటే, అదికూడా నాడె లేని రేపియర్ మగ్గాలు వచ్చి కొంత వెనకబడుతున్నది.

ఒంటరిగా వచ్చినవాడి వసతిని గురించి యెక్కువ చెప్పవలసింది లేదు. కార్ఖానాలోనే ఒక మూలనో, పదిమంది కలిసి తీసుకున్న ఖోలీలోనో పడుకుంటాడు. పాళీలు పన్నెండు గంటలవి గనుక పగటివాడు లేచిన చాపమీద రాత్రివాడు వాలుతాడు. భోజనం బిస్సీలో. బిస్సీ అంటే నెలకు యింత అని కట్టి రెండుపూటలా తినే పూటకూళ్ళ యిల్లు. కూలి నేసిన బట్ట కొలతనుబట్టి గనుక అతని ధ్యాసంతా మీటర్ల మీదనే. భార్యాపిల్లలు వచ్చిననాడు లెక్క మారుతుంది.

అప్పుడు అందరూ చెప్పే మొదటి పేరు పద్మానగర్. పద్మశాలి కుటుంబాలు యెక్కువగా వున్న పేట అది. దుకాణంలో తెలుగు, మేడమెట్లమీద తెలుగు, తగాదాలో తెలుగు. బతుకమ్మ పండుగనాడు ఆ వీథుల్లో నిలబడితే యిది మహారాష్ట్ర అని గుర్తు రాదు. రెండో పేరు వరాలదేవి చెరువు పక్కనున్న కామత్‌ఘర్. ఆ రెండు పేటలు దాటి దూరం పోవడానికి కొత్తవాళ్ళు జంకుతారు.

యీ జంకుకు భాష ఒక్కటే కారణం కాదు. 1970 మేలోనూ, తిరిగి 1984 మేలోనూ యీ వూరు మతకల్లోలాల్లో తగులబడింది. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్ళూ, మనవాళ్ళూ ఒకే నూలుమీద బతికేవాళ్ళు. అయినా రాత్రికి యెవరి పేట వారు చేరుకోవడం ఆ కల్లోలాలవల్ల బలపడింది. 1980ల చివర యిక్కడ డిప్యూటీ పోలీసు కమిషనరుగా పనిచేసిన సురేష్ ఖోపడే పేటపేటకూ మొహల్లా కమిటీలు పెట్టించి, రెండు మతాలవాళ్ళనూ ఒకే చాపమీద కూర్చోబెట్టారు. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో ముంబయి మండిపోతుండగా భీవండి ప్రశాంతంగా నిలిచింది. ఆ రోజుల్లో ముంబయిలో తలుపులు మూసుకొని కూర్చున్న మా పెద్దలు యీ మాట యిప్పటికీ ఆశ్చర్యంగానే చెప్పుకుంటారు. గుంపుగా వుండడంలో ధైర్యమున్నది, కాదనను. కాని ఆ ధైర్యానికి అద్దె కూడా యెక్కువే. పద్మానగర్లో ఒక ఖోలీకి యిచ్చే సొమ్ముకు మరోచోట దానికి రెండింతల చోటు వస్తుంది.

మొన్న వేసవిలో మాకు వరసకు తమ్ముడయ్యే అతనితోను, అతని భార్యతోను కలిసి ఖోలీలు చూడడానికి తిరిగాను. ముంబయిలో పుట్టిన మనిషిని గనుక కాగితాల సంగతి నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం.

మొదటి ఖోలీ చవకది, నేలమట్టానిది. మా తమ్ముడికి అద్దె వినగానే నచ్చింది. ఆ అమ్మాయి మాత్రం ఒక్క మాట అడగకుండా లోపలి గోడకు అరచెయ్యి ఆనించి నిలబడింది.

"గోడ వణుకుతుంది బావా. పక్కన సాంచెలున్నయి."

"చప్పుడుకు నిద్ర పట్టదంటావా?" అన్నాను.

"మా అమ్మగారింట్ల సాంచెల పక్కనే పండుకున్న. చప్పుడు నాకు అడ్డం రాదు. గోడకు అడ్డమొస్తది."

యీ మాటకు నేను జవాబు చెప్పలేకపోయాను. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున యీ వూళ్ళోనే పటేల్ కాంపౌండులో జిలానీ బిల్డింగు కూలి, నలభైమంది దాకా పోయారు. అందరూ నిద్రపోయే వేళ. వానకాలపు నెలలు రాగానే భీవండిలో పాత మేడలను గురించి భయం మొదలవుతుంది. వేసవిలో సున్నం కొట్టిన గోడ యెంత ముద్దుగానైనా కనిపిస్తుంది. ఖోలీ కొనదలచినవాళ్ళు శ్రావణంలో ఒకసారి పోయి చూడడం మంచిది.

రెండోది కామత్‌ఘర్ వైపు, రెండో అంతస్తు. గోడలు గట్టివి, గాలి కూడా ఆడుతుంది. ఆ అమ్మాయి యింటావిడను అడిగింది: "అక్కా, నీళ్ళెప్పుడొస్తయి?"

"దినం విడిచి దినం. రాత్రి రెండింటికి."

"పైకొస్తయా?"

"కిందికెల్లి మోసుకోవాలె."

మా తమ్ముడిది రాత్రి పాళీ. రెండింటికి అతడు సాంచెల దగ్గర వుంటాడు. చంటిపిల్లను మంచంమీద వదిలి బిందెలతో రెండంతస్తులు దిగేది యెవరో చెప్పనక్కరలేదు. ముంబయి తాగే నీళ్ళలో పెద్దభాగం భీవండి తాలూకాలోని పిసే, పాంజరాపూర్ల మీదుగానే పోతుంది. ఆ నీళ్ళు తాగి పెరిగిన నేను ఆ మెట్లమీద నిలబడి మాట్లాడక వూరుకున్నాను.

మూడోది పద్మానగర్లో. చిన్నది, రెండు మంచాలు వేస్తే తిరగడానికి చోటుండదు. కాని నీళ్ళు సాయంకాలం వస్తాయి, గోడ వణకదు, కార్ఖానా నడకదూరం. అడ్డు ఒక్కటే: హెవీ డిపాజిటు. అంటే నెలనెలా అద్దె వుండదు. మొదటే కొన్ని లక్షలు యజమాని చేతిలో పెట్టాలి, ఖాళీ చేసిననాడు ఆ సొమ్ము తిరిగి యిస్తాడు. యిస్తాడు అన్న మాటలోనే తిరకాసు. ఆయన దాన్ని వాడుకొని వుంటే, తరువాత వచ్చేవాడి డిపాజిటు వచ్చేదాకా మనం గుమ్మంలో కూర్చోవాలి. పైగా మా తమ్ముడి దగ్గరున్న సొమ్ము వూళ్ళో యింటికి స్లాబు వేయడానికి అయిదేళ్ళుగా కూడబెట్టినది.

యజమాని మర్యాదస్థుడే. "మనవాళ్ళమే గదా, కాగితమెందుకు?" అన్నాడు. నా అనుభవంలో యీ మాట వినిపించిన చోటనే కాగితం యెక్కువ అవసరం. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ప్రకారం లీవ్ అండ్ లైసెన్సు ఒప్పందం రాతలో వుండాలి, రిజిస్టరు కావాలి. చేయించే బాధ్యత యజమానిదే. మామూలుగా పదకొండు నెలలకు రాస్తారు. యిచ్చిన డిపాజిటు అంకె అందులో స్పష్టంగా వుండాలి, చెక్కుద్వారానో బ్యాంకుద్వారానో యివ్వాలి. 2007 జనవరి నుంచి యీ వూరి కరెంటు పంపిణీ టోరెంట్ పవర్ కంపెనీ చేతిలో వున్నది. మీటరు యెవరి పేర వున్నదో, పాత బాకీ యేమైనా వున్నదో ముందుగానే అడగాలి. పగడీ ఖోలీ అయితే అది వేరే పురాణం, అద్దెదారు మార్పుకు యజమాని సంతకం లేనిదే అడుగు పెట్టవద్దు.

యింత చెప్పాక మా తమ్ముడు ఒక మాట అన్నాడు: "అన్నా, ఇన్ని తిప్పలెందుకు, ఊరికే పోదాం." అది కొట్టిపారేసే మాట కాదు. 2017 అక్టోబరులో వరంగల్లు దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్తులో, భీవండిలో, షోలాపురంలో వున్న నేతగాళ్ళు తిరిగి రావచ్చునని ప్రభుత్వం చెప్పింది. ఆ యేడే బతుకమ్మ చీరల పని సిరిసిల్ల సాంచెలకు అందింది. పోయినవాళ్ళు పోయారు కూడా. ఆ చీరల పథకం 2023 తరువాత ఆగింది. పిమ్మట మహిళా సంఘాల చీరల పని వచ్చింది. సర్కారు చీర వున్నన్నాళ్ళే కూలి వుంటుందన్న భయం అక్కడ, గిరాకీ పడిపోతే సేటు సాంచెలు ఆపుతాడన్న భయం యిక్కడ. భీవండిలో స్థిరపడ్డ పాతకుటుంబాల పిల్లలు చాలామంది సాంచె ముట్టడమే మానేశారు. వూరి చుట్టూ లేచిన గోదాముల్లో లెక్కలు రాస్తున్నారు, థాణే-కల్యాణ్ మెట్రో యెప్పుడు పూర్తవుతుందా అని చూస్తున్నారు. వాళ్ళను వూరికి పోదామంటే, యే వూరికి అంటారు.

వారం తరువాత మూడో ఖోలీయే ఖాయమైంది. సగం డిపాజిటు, సగం అద్దె. కాగితం రిజిస్టరు అయింది, గొణుక్కుంటూనే ఆయన వచ్చి వేలిముద్ర వేశాడు. వూళ్ళో స్లాబు వచ్చే యేటికి వాయిదా పడ్డది. పెద్దపిల్లను వెయ్యవలసింది తెలుగు బడిలోనా, మరాఠీ బడిలోనా అన్న సంగతి మాత్రం తేలలేదు. తల్లి మరాఠీ అంటుంది, తండ్రి తెలుగు అంటాడు. బళ్ళు తెరిచేది జూన్‌లో.