జీడి నోట్లో ఎలా పడతాదమ్మా?

విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్) మీద రాసుకురమ్మని సంపాదకులు పంపారు. 1923లో ఆసుపత్రి, అదే ఏడాది ఆంధ్ర మెడికల్ కాలేజీ, శ్రీకాకుళం నుంచి ఒడిశా సరిహద్దు కొండల దాకా జనానికి ఇదే పెద్దాసుపత్రి. రాయడానికి చాలానే ఉంది. కానీ చర్మవ్యాధుల విభాగంలో ఒకావిడ మాట చెవిన పడ్డాక అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు.

"జీడి చేతుల మీద పడతాది. నోట్లో ఎలా పడతాదమ్మా? ఎంత సెప్పినా ఎవులూ ఇన్నేదు."

ఆవిడది పలాస వైపు. జీడిపిక్కలు కొట్టే పని. పిక్క తొక్కలో ఉండే నూనె తగిలితే చర్మం కాలిపోయి బొబ్బలెక్కుతుంది. అందుకే ఒంటి మీద నీటి బొబ్బలు లేవగానే ఊరంతా జీడి అనేసింది. కానీ అంతకు నాలుగు నెలల ముందే నోరంతా పుళ్లు. కారం తగిలితే ప్రాణం పోయేది, గంజి నీళ్లతో నెట్టుకొచ్చింది. ఆర్‌ఎంపీ బి-కాంప్లెక్సు బిళ్లలిచ్చాడు. ఒకరు అమ్మవారన్నారు, ఇంకొకరు సర్పి అని పసరు పూశారు. నోట్లో పుళ్లు ముందొచ్చాయా, ఒంటి మీద బొబ్బలు ముందొచ్చాయా అని అడిగినవాళ్లు లేరు. ఆ ఒక్క ప్రశ్నతో సగం దారి తెలిసిపోయే జబ్బు ఇది.

"పిన్నీ, నిన్నా ఇవాళా కొత్తగా లేచింది ఏదైనా ఉందా?" అని అడిగింది పీజీ చదువుతున్న డాక్టరమ్మాయి. పాత బొబ్బలో చీము చేరితే కణాలు చెడిపోతాయట. భుజం వెనక చిన్నది దొరికింది. బ్లేడుతో పైపొర తెరిచి, నీటిని గుడ్డతో అద్దేసి, బ్లేడు మొద్దు అంచుతో అడుగును గీకింది. రక్తం రాకూడదు, కణాలు రావాలి. ఆ అమ్మాయి మణికట్టు ఎంత నిదానంగా కదిలిందంటే, మంచం మీదావిడ "అబ్బా" అని కూడా అనలేదు. గీకింది స్లైడు మీద పలచగా రాసి, ఆరబెట్టి, మిథనాల్ వేసి, జీమ్సా రంగు పోసింది. కాసేపటికి నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. గుండ్రటి కణాలు, దేనికది విడివిడిగా, పెద్ద కేంద్రకం, అంచున ముదురు నీలం. పెంఫిగస్.

ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే చర్మకణాలను పట్టి ఉంచే డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్ మీద పడతాయి. ఇటుకల మధ్య సున్నం రాలిపోయినట్టు చర్మం విడిపోతుంది. ఇది అంటుకునే జబ్బు కాదు. ఆవిడ కంచం మాత్రం ఇంట్లో వేరుగా పెట్టారు.

ఈ గీకుడు పరీక్షను ఫ్రెంచి వైద్యుడు జాంక్ 1947లో వివరించాడు. బ్లేడు, స్లైడు, రంగు ఉంటే చాలు. దీని తర్వాత బయాప్సీ తప్పదు, వీలైతే ఇమ్యునోఫ్లోరెసెన్స్ కూడా. దానికి వాడే మైకేల్ ద్రావణం దొరక్కపోతే ముక్కను మామూలు సెలైన్‌లో పెట్టి 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చినా పనికొస్తుంది. కానీ రిపోర్టు వచ్చేదాకా మనిషిని ఆసుపత్రిలో ఆపగలిగేది ఈ చేతి పనే. యంత్రాల మోజులో దీన్ని చిన్నచూపు చూస్తున్నాం. జిల్లా ఆసుపత్రిలో జీమ్సా సీసా ఖాళీ అయితే వార్త కాదు, స్కానింగు మిషను ఆగిపోతేనే వార్త.

వార్డులో నర్సు దుప్పటికి అతుక్కుపోయిన వీపును సెలైన్‌తో తడిపి తడిపి విడదీస్తోంది. లాగితే తోలు వచ్చేస్తుంది. మన దేశంలో ఇలాంటి పచ్చి ఒంటికి శుభ్రపరిచిన అరటాకు పరిచే పద్ధతి కూడా ఉంది, అది అతుక్కోదు. స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామంది చనిపోయేవారు. ఇవాళ్టికీ ప్రాణం తీసేది ఎక్కువగా ఇన్‌ఫెక్షనే. అంచేత ఆ నర్సు చేస్తున్నది మందుతో సమానమైన పని.

ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రీచా 1980లలో పల్స్ చికిత్స తెచ్చారు: డెక్సామెథసోన్ 100 మిల్లీగ్రాముల చొప్పున వరుసగా మూడు రోజులు, అందులో ఒకరోజు సైక్లోఫాస్ఫమైడ్ 500, మళ్లీ 28 రోజులకు. ఖరీదైన మందులు అందని దేశం కోసం ఒక వైద్యుడు చేసిన గొప్ప ఆలోచన ఇది. ఇప్పుడు రిటుక్సిమాబ్ అనే మందు ఉంది. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ దాని బయోసిమిలర్‌ను 2007లోనే తెచ్చినా, కూలి మనిషికి అదింకా బరువే.

"మందులు సరే, నెలనెలా ఎవులు తీసుకొస్తారు బాబూ? మూడ్రోజుల కూలి పోతాది" అంది ఆవిడ నాతో. నా దగ్గర జవాబు లేదు. ప్రభుత్వం దగ్గర ఉండాలి. శ్రీకాకుళంలోనే ఆ మూడు రోజుల సెలైను ఎక్కించే ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు. చార్జీలకు భయపడి మధ్యలో మానేసినవాళ్లే మళ్లీ పచ్చి ఒంటితో వస్తారు.

ఇది చదివేవాళ్లకు ఒక మనవి. ఇంట్లో ఎవరికైనా నోటి పుండు మూడు వారాలు దాటినా మానకపోతే విటమిన్ బిళ్లలతో కాలం గడపకండి, చర్మవైద్యుడికి చూపించండి. పెంఫిగస్ అని తేలాక స్టెరాయిడ్ మాత్రను డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపకండి.