నడుముకు సొరకాయ

డెబ్బయ్యోపడిలో పడ్డ పెద్దమనిషి ఒకడు తెల్లవారుజామున నాలుగున్నరకు తువ్వాలు భుజాన వేసుకొని, చెప్పులు చేత్తో పట్టుకొని, తన ఇంట్లోంచి తానే దొంగలాగా జారుకుంటున్నాడంటే ఎవరికైనా అనుమానం రావలసిందే. మా గవర్నర్‌పేటలో కొత్తగా వచ్చిన వాచ్‌మన్ నన్ను చూసి "ఎవరది?" అని కర్ర కూడా ఎత్తాడు.

"ఈతకు పోతున్నానయ్యా" అన్నాను.

అతను నా తెల్లజుట్టు వంకా, నిక్కరు వంకా మార్చి మార్చి చూసి, కర్ర దించి, జాలిగా పక్కకు తప్పుకున్నాడు. ఆ కర్ర దెబ్బ తిన్నా నాకంత బాధ ఉండేది కాదు.

ఈత నాకు ఈనాటి వ్యసనం కాదు. 1962లో, నా ఎనిమిదో ఏట, మా మేనమామ నన్ను బందరు కాలవలో దింపాడు. నడుముకు రెండు ఎండు సొరకాయ బుర్రలు తాడుతో బిగించి, "చచ్చినా మునగవు, పోరా!" అని ఒక్క తోపు తోశాడు. ఆ రోజుల్లో మాకు ఈత నేర్పిన గురువులు ఇద్దరే: ఒకరు మేనమామ, రెండు సొరకాయ. వేసవిలో కాలవలు కట్టేస్తే మా ప్రాణాలు కూడా ఎండిపోయేవి. మళ్లీ నీళ్లు వదిలారని తెలిస్తే చాలు, పుస్తకాల సంచీ ఒక మూల, మేము ఒక మూల. ఏడాది తిరిగేసరికి రెండు సొరకాయలు ఒకటయింది. ఆ ఒక్కటీ కూడా ఊడిపోయిన నాడు నేనెంత గర్వపడ్డానో, తర్వాత ఉద్యోగం వచ్చిన నాడు కూడా అంత పడలేదు.

ఇప్పుడా కాలవలో ఈదుతానంటే మా మేనమామ కూడా ఒప్పుకోడు. ఊరి మురుగు దాని పాలిట పడింది.

పద్దెనిమిదో ఏట కాలవ చాలక కృష్ణలోకి దిగాను. దుర్గాఘాట్‌లో దిగి అవతలి ఒడ్డున సీతానగరం చేరాలి. 1957 డిసెంబరు 24న ప్రారంభమైన మన ప్రకాశం బారేజీ పొడుగు 1,223 మీటర్లు. అంటే ఏరు అక్కడ ముప్పాతిక మైలు వెడల్పన్నమాట. సంక్రాంతి వెళ్లాక ఏటా ఒక్కసారి అది దాటడం నాకు వ్రతమైపోయింది. పెళ్లయినా, పిల్లలు పుట్టినా, బట్టతల వచ్చినా వ్రతభంగం కాలేదు. పైగా 2015లో పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు కూడా మా కృష్ణలో కలిశాయి. ఒక్క మునకతో రెండు నదుల స్నానఫలం! ఈ మాట చెప్పి మా ఆవిడను మెప్పించబోయాను. "ఆ పుణ్యం చెంబుతో పోసుకున్నా వస్తుంది" అన్నది.

అరవై దాటాక మోకాళ్లు మొరాయించాయి. మెట్లెక్కితే ములుగు, దిగితే మూలుగు. నీళ్లలో మాత్రం ఏ నొప్పీ లేదు. మరేం లేదు, మెడ దాకా నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు ఇంచుమించు పదోవంతుకు తగ్గిపోతుంది. గట్టు మీద డెబ్బయి కిలోల మనిషిని నీళ్లలో ఏడు కిలోల పసివాణ్ని. ఇంత సుఖం ఎవరు వదులుకుంటారు, మీరే చెప్పండి!

సుఖంతో ఆగితే బాగుండేది. నాకు గర్వం కూడా కావలసి వచ్చింది.

2023 జనవరిలో, అరవయ్యెనిమిదేళ్ల వయసున, ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా సీతానగరానికి బయలుదేరాను. మా ఊళ్లో ఆక్వా డెవిల్స్ అనే ఈతగాళ్ల సంఘం నదిని ఈది దాటే పోటీలు నడిపింది. అటువంటి వాటిలో నలుగురితో కలిసి దిగితే ఒక అండ. నాకు అండ నామోషీ! సరిగ్గా నడి ఏట్లో కుడి పిక్క పట్టేసింది. కాలు కొయ్యబారిపోయింది. ముందు ఒడ్డు చూశాను, వెనక ఒడ్డు చూశాను. రెండూ ఒకే దూరంలో ఉన్నాయి. కొట్టుకుంటే మునుగుతానని తెలుసు గనక వెల్లకిలా తేలి ఆకాశం చూస్తూ పడుకున్నాను. కొండమీది అమ్మవారి గుడి దీపాలు కనిపించాయి. మా ఆవిడ ఈపాటికి కాఫీ డికాక్షను వేస్తూ ఉంటుందని తోచింది. ఆ ఒక్క ఆలోచనకు గుండె గుభేలుమన్నది.

నా అదృష్టం, చేపల పడవ ఒకటి అటు వచ్చింది. పడవ అంచు పట్టుకొని వేలాడాను. ఆ పడవ కుర్రవాడు నన్ను తిట్టలేదు, నవ్వలేదు. ఒడ్డు చేర్చి, "ఏటికడ్డంగా ఎందుకు తాతా పోవటం? ఒడ్డెమ్మట ఈదుకోరాదా? నీళ్లు అయ్యే గదా!" అన్నాడు.

ఇంటికి వచ్చి మోకాలి గీతలు దాచాను. మర్నాడు జలుబన్నాను. ఆ తర్వాత చలన్నాను. ఒక నెల గడిచింది. ఆ నెలలో నేను ముసలివాణ్నయినంతగా అంతకుముందు ఇరవై ఏళ్లలో కాలేదు. ఒకే పేపరు రెండుసార్లు చదివాను. కాఫీ చల్లారిందని ఒకసారీ, వేడెక్కువైందని ఒకసారీ విసుక్కున్నాను. బీసెంట్ రోడ్డు దాకా నడిచి రమ్మంటే జనం ఎక్కువన్నాను. ఒక రాత్రి మా ఆవిడ లైటు తీయబోతూ ఆగి, "ఏట్లో ఏమయింది?" అన్నది.

చెప్పాను. దాచడానికి ఓపిక లేదు.

చాలాసేపు మాట్లాడలేదు. 2017 నవంబరులో ఫెర్రీ దగ్గర పడవ మునిగి ఇరవైమందికి పైగా పోయిన నాటి నుంచీ, నేను తిరిగి వచ్చి తువ్వాలు తీగమీద ఆరవేసేదాకా ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టదట. ఇన్నేళ్లూ ఆ సంగతి నాకు తెలియదు. నేను దొంగలాగా జారుకుంటున్నాననుకుంటూ ఉంటే, ఆవిడ లోపల కళ్లు తెరుచుకొని పడుకునేదన్నమాట! ఇక ఈతకు స్వస్తి అనుకున్నాను.

ఆ ఆదివారం డెన్వరు నుంచి మా అబ్బాయి ఫోన్లో కనిపించాడు. "వయసైపోయిందిరా" అన్నాను. వాడు అక్కడి మంచుకొండల మీద కాళ్లకు పొడుగాటి పలకలు బిగించుకొని జారే స్కీయింగ్ ఆట సంగతి ఎత్తాడు. ఆ ఆటలో ఆరితేరిన జపాను దేశపు మియూరా తండ్రీకొడుకుల కథ చెప్పాడు. తండ్రి కెయిజో 99వ ఏట ఫ్రాన్సులోని మోఁబ్లాఁ కొండమీద స్కీయింగ్ చేశాడట. కొడుకు యుయిచిరో 2013లో 80వ ఏట ఎవరెస్టు ఎక్కాడట. అయితే ఎక్కినంతా తన కాళ్లతోనే దిగలేదు. 6,500 మీటర్ల ఎత్తున ఉన్న శిబిరం దాకా దిగి, అక్కడి నుంచి హెలికాప్టరులో వచ్చాడు.

పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా ఆవిడ తలెత్తి, "అంతటివాడు హెలికాప్టరెక్కడానికి సిగ్గుపడలేదు. మీకేం వచ్చింది?" అన్నది.

అక్కడికక్కడే మూడు షరతులు పెట్టింది. ఒంటరిగా దిగకూడదు. ఏరు దాటకూడదు, ఒడ్డు వెంటే ఈదాలి. నడుముకు బెండు కట్టుకోవాలి. మూడోది వినగానే నా పౌరుషం పొడుచుకు వచ్చింది. గాలి నింపి తాడుతో నడుముకు తగిలించుకునే నారింజరంగు ప్లాస్టిక్ బుడ్డి అది. మనం ఈదుతూంటే వెనకాలే తేలుతూ వస్తుంది. పడవలవాళ్లకు దూరం నుంచి కనబడుతుంది. అలసిపోతే పట్టుకొని ఆగవచ్చు. అన్నీ నిజమే. కాని ఎనిమిదో ఏట విప్పేసిన సొరకాయను అరవయ్యెనిమిదో ఏట మళ్లీ కట్టుకోవడమా?

కట్టుకున్నాను. మొదటి రోజు ఘాటులో మిత్రులు "అన్నగారికి తోక మొలిచింది" అని నవ్వారు. రెండు నెలల్లో వాళ్లలో ఇద్దరికి కూడా మొలిచింది.

ఇప్పుడు ఒడ్డు వెంట రెండొందల గజాలు పోతాను, వస్తాను. గర్వం తగ్గాక చూపు పెరిగిందేమో, యాభై ఏళ్లు అవతలి ఒడ్డే చూసిన కళ్లకు ఇవతలి ఒడ్డున నీటికాకులు మునకలేయడం ఇప్పుడు కనిపిస్తోంది. వరద రోజుల్లో మాత్రం ఘాటు వైపు కన్నెత్తి చూడను. 2024 సెప్టెంబరు వరదలో బారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు పారింది. కొట్టుకొచ్చిన పడవలు తగిలి గేట్ల దగ్గర దెబ్బతింటే మరమ్మతు చేశారు. నాకన్న మూడేళ్లు చిన్నదైన బారేజీకే తప్పనప్పుడు నా మోకాళ్లదేముంది!

దొంగతనంగా వెళ్లడం మానేశాను. ఆదివారాలు మా ఆవిడ కూడా ఫ్లాస్కుతో కాఫీ తెచ్చుకొని ఘాటు మెట్లమీద కూర్చుంటుంది. మొదట పై మెట్టు మీద కూర్చునేది. తర్వాత క్రింది మెట్టుకు దిగింది. మొన్న కాళ్లు నీళ్లలో పెట్టి, చాలాసేపు ఊరుకొని, ఎటో చూస్తూ అడిగింది:

"ఆ సొరకాయ కట్టుకుంటే... ఈత రానివాళ్లు కూడా తేలతారా?"

ఆవిడకు అరవయ్యారేళ్లు. నేనేమీ అనలేదు. ఇంకో సొరకాయ తెప్పించాను.