కాకీ, తాటిపండూ, కారు వారంటీ

తెలుగు ఎమ్మే చదివినవాడికి బంధువర్గంలో ఒక కొలువు తప్పదు. శుభలేఖ రాయాలన్నా, కొరుకుడు పడని కాగితానికి అర్థం చెప్పాలన్నా వాడే దిక్కు. అలా నా చేతికి వచ్చిన గ్రంథాల్లో మా తోడల్లుడి కారు వారంటీ పుస్తకం ఒకటి.

కారు కొని రెండేళ్ళయింది. వారంటీ మూడేళ్ళు. కొన్న నెలలోనే ఆయన బయట దుకాణంలో అదనంగా రెండు దీపాలూ, జోడు హారన్లూ పెట్టించాడు. మొన్న వేసవిలో దారిలో ఇంజను కాగిపోయి బండి ఆగింది. హెడ్ గాస్కెట్ పోయిందన్నారు. సర్వీసువారు బానెట్ ఎత్తి, కోసి అతికించిన వైరు చూసి, "బయట పని చేయించారు, ఇక వారంటీ లేదు" అనేశారు. ఖర్చు రూ.60,000. పిల్ల కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు అది.

"దీపం పెడితే ఇంజను పోతుందా అన్నయ్యా?" అన్నాడు దిగులుగా.

పుస్తకం ఆసాంతం చదివాను. ఏ మార్పు చేసినా వారంటీ మొత్తం రద్దని అందులో ఎక్కడా లేదు. ఆ ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చేసుకుంటే, 'అనుమతి లేని మార్పుల వలన కలిగిన లోపాలకు' తమ పూచీ లేదని ఉంది. వలన! పంచమీ విభక్తి. వ్యాజ్యమంతా ఆ మూడక్షరాల్లోనే ఉంది.

కాకి వాలింది, తాటిపండు రాలింది. అంతమాత్రాన కాకి వల్లనే రాలిందనడానికి లేదు. దాన్నే కాకతాళీయమన్నారు మన పెద్దలు. అయితే సర్వీసువారి అనుమానాన్నీ తోసెయ్యకూడదు. రేడియేటరు ఫాను తిరిగేది కరెంటుతోనే కదా! వైరింగు చెడి ఫాను ఆగితే ఇంజను కాగడం ఖాయం. కాని ఇక్కడ ఫాను నిక్షేపంగా తిరుగుతోంది. కారినది నీళ్ళ పంపు సీలు. దానికీ దీపాలకూ ఏ సంబంధమూ లేదు.

ఇద్దరం కూర్చుని ఉత్తరం రాశాం. చెడిన భాగమేది? మేం చేయించిన ఏ మార్పు వలన అది చెడింది? రాతమూలకంగా సెలవివ్వండి, అని రెండే ప్రశ్నలు. పది రోజులకు ఇంజను పని వారంటీ కింద ఒప్పుకున్నారు. వైరు బాగుచేసిన ఖర్చు మాత్రం మా వాడే పెట్టుకున్నాడు. అది న్యాయమే.

అన్ని కథలూ ఇలాగే ముగియవు సుమండీ! మా సహోద్యోగి కుమారుడు డీజిలు కారుకు జోరు పెంచాలని, ఇంజను కంప్యూటరులో లెక్కలు మార్పించాడు. రీమ్యాపింగ్ అంటారు దాన్ని. టర్బో చక్రం వేగం మీద మామూలుగానే నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. దానిచేత ఇంకా గాలి తోయించి, ఇంకా డీజిలు మండిస్తే వేడి పెరుగుతుంది. టర్బో, పిస్టన్లు, క్లచ్చి ఆ భారం మొయ్యాలి. ఆరు నెలల్లో టర్బో పోయింది. వారంటీ ఇవ్వమన్నారు. ఇక్కడ కాకి పండును పొడిచి మరీ రాల్చింది! సర్వీసుకు ముందు పాత లెక్కలు ఎక్కించేస్తే సరి అనుకునేవారున్నారు. కాని ఆ మార్పు జాడలు కంప్యూటరులో మిగిలే వీలుంది.

షరతులు అన్ని పుస్తకాల్లోనూ ఒకటిగా ఉండవు. బయట గ్యాస్ కిట్ పెట్టిస్తే వారంటీయే పోతుందని రాసే కంపెనీలూ ఉన్నాయి. కనక పని చేయించబోయే ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవడం మేలు. రసీదులూ, సర్వీసు కాగితాలూ దాచుకోవాలి. కారణం చెప్పకుండా కాదంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. సలహాకు 1915 నంబరు ఉంది. బండికి చెల్లించిన వెల 50 లక్షలు మించకపోతే మనం ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు.

దీపాలు పెట్టించుకోవద్దని నేననను. మెకానిక్ వైరు మీద కత్తెర పెట్టకముందే ఆ పుస్తకంలో 'వలన' ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. ఆ కాస్త చదువుకు పైసా ఖర్చు లేదు.