నిచ్చెన మీది మనిషి

ఉదయగిరి దుర్గము ఎక్కువారు ఆచితూచి అడుగు వేయుదురు. ఇంచుమించు 3,000 అడుగుల కొండ అది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి దానిని గెలుచుకొనుటకు నెలల తరబడి ముట్టడి సాగింపవలసి వచ్చెను. అంతటి ఎత్తును చూచిన ఎవనికైనను జంకు కలుగును. కాని ఆ కొండ దిగువనే పది అడుగుల నిచ్చెన ఎక్కు కుళాయి పనివానికి ఏ జంకును ఉండదు. చిక్కంతయు అచ్చటనే ఉన్నది.

పది అడుగుల ఎత్తునుండి జారినవాడు ఒక్క సెకను గడవకమునుపే నేలను తాకును. అప్పటి వేగము గంటకు సుమారు 28 కిలోమీటర్లు. కేక వేయుటకే వ్యవధి చాలదు. ఇక గోడను పట్టుకొనుట ఎక్కడిది? పాదములపై పడినచో మడమ యెముక చితుకును; ఆ అదటు వెన్నుపూసలదాక పోవును.

ఆత్మకూరులో మిద్దెమీద పాత నీళ్ళతొట్టిని మార్చు పనివానిని తలచుకొనుడు. మిద్దెకు పిట్టగోడ లేదు. తుప్పుపట్టిన గొట్టము కదలదు. అతడు పైపురెంచి తగిలించి, కాళ్ళు తన్నిపెట్టి, ఉన్న బలమంతయు కూర్చి లాగును. బిగువు ఒక్కసారిగా వదలును. లాగిన బలమే అతనిని వెనుకకు విసరును. వెనుక ఉన్నది మిద్దె అంచు.

అంచునకు వీపు పెట్టి లాగరాదని అతనికి తెలియదా? తెలియును. నడుమునకు త్రాడు కట్టుకొనవలెననియు తెలియును. కాని ‘చిటికెలో అయ్యే పనికి ఇంత హంగెందుకయ్యా?’ అని ఇంటి యజమాని అనును. తోడి బేల్దారులు నవ్వుదురు. ఆ నవ్వినవారెవ్వరును పిదప అతని ఇంటికి బియ్యము పంపరు.

అమెరికాలో గోల్డెన్ గేట్ వంతెన కట్టుచున్నపుడు ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ పనివారి క్రింద పెద్ద వల కట్టించెను. అందులో పడి 19 మంది బ్రతికిరి. అయినను 1937 ఫిబ్రవరిలో పరంజా విరిగి మీద పడగా ఆ వలయే తెగి, 10 మంది మరణించిరి.

పడినవానిని కాళ్ళు, చేతులు పట్టి ఎత్తుట మనవారి అలవాటు. వెన్ను విరిగియున్నచో ఆ యెత్తుటవలననే అతడు జన్మలో మరల నడవలేనివాడు కావచ్చును. 108కు ఫోను చేసి, బండి వచ్చువరకు అతని తల, మెడ కదలకుండ చూడవలెను.

వంతెనకు వల కట్టిరి. ఒంటరిగా మిద్దె ఎక్కువానికి నిచ్చెన పట్టువాడే వల. నాలుగడుగుల ఎత్తునకు ఒక అడుగు చొప్పున నిచ్చెన మొదలును గోడకు ఎడముగ నిలిపి, అది జారకుండ ఒకరు పట్టుకొనవలెను. బడి లేనినాడు ఆ పని కొడుకుది.

“పట్టుకున్నావా రా?” అని తండ్రి పైనుండి అడుగును.

“పట్టుకున్నా నాయనా,” అని వాడు వీధివైపు చూడక రెండు చేతులు బిగించును.