రెండు చక్రాల పడవ

మేము అక్కాతమ్ముళ్లం. అక్క పదో తరగతి, తమ్ముడు ఏడో తరగతి. నాన్న ఓఎన్‌జీసీలో పని చేస్తారు. పోయిన జూన్‌లో ఆయనకు హజీరా నుంచి రాజమండ్రికి బదిలీ అయింది. అక్కకు బోర్డు పరీక్షలు ఉన్నాయని అమ్మా మేమూ సూరత్‌లోనే ఉండిపోయాం. మామయ్య రింగ్ రోడ్‌లో చీరల మార్కెట్‌లో పని చేస్తాడు కాబట్టి, వాళ్లింటికి దగ్గర్లోనే ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నాన్న ఒక ఊళ్లో, మిగతావాళ్లం ఇంకో ఊళ్లో ఉండడం మన బడిలో చాలామందికి అలవాటే. మాకు మాత్రం అది మొదటిసారి.

దీపావళి సెలవుల్లో మామయ్య మమ్మల్ని గోపీ తలావ్‌కు తీసుకెళ్లాడు. 16వ శతాబ్దం మొదట్లో మాలిక్ గోపీ అనే ఆయన తవ్వించిన చెరువు అది. అక్కడ తొక్కుడు పడవ ఎక్కాం. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మధ్యలో ఒక పిడి ఉంది. అది చుక్కానిని తిప్పుతుంది. పెడళ్లు రెండు జతలున్నా ఇరుసు ఒక్కటే. అందుకే తమ్ముడు తొక్కడం మానేసినా వాడి కాళ్లు పెడళ్లతో పాటు తిరుగుతూనే ఉన్నాయి. బరువంతా అక్క మీదే పడుతోందని తెలియడానికి కాసేపు పట్టింది.

ఒడ్డు దగ్గర పడింది. మెల్లగా ఆపుదామని తొక్కడం మానేసి పిడిని పూర్తిగా ఒక పక్కకు తిప్పాం. పడవ మాత్రం తిరగలేదు. నిదానంగా, నేరుగా వెళ్లి గట్టును కొట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు, తప్పు మాదే. కానీ ఇంటికొచ్చేదాకా ఇద్దరం ఒకటే వాదించుకున్నాం. పిడి తిప్పినా పడవ ఎందుకు తిరగలేదు?

ఆ రాత్రి ఫోన్‌లో నాన్నను అడిగాం. "చుక్కాని పడవను తనంతట తాను తిప్పదు. తన పక్కనుంచి పోయే నీటిని ఒకవైపుకు మళ్లిస్తుంది. ఆ నీరు తిరిగి తోస్తేనే పడవ తిరుగుతుంది. మీరు తొక్కడం ఆపేశారు. నీరు పోవడం తగ్గితే చుక్కాని ఉత్త చెక్క," అన్నారు. ఫ్యాన్ లాంటి ప్రొపెల్లర్ ఉన్న పడవల్లో చుక్కాని సాధారణంగా దాని వెనకే ఉంటుంది. అందుకని ఒక్కసారి ఇంజను జోరు పెంచితే చాలు, చుక్కానికి నీరు అందుతుంది. రెండు పక్కలా తెడ్డు చక్రాలున్న పడవకు ఆ సౌకర్యం లేదు. చక్రాలు తోసే నీరు పక్కల నుంచి పోతుంది, చుక్కాని వెనక మధ్యలో ఉంటుంది.

జవాబు దొరికింది కానీ, ఆ పడవను ఎలా తిప్పాలన్న ప్రశ్న మిగిలిపోయింది. దానికి జవాబు రింగ్ రోడ్ మీదే కనబడింది. ఉధ్నా దర్వాజా దగ్గర మెట్రో పనులు జరుగుతున్నాయి. ఒకరోజు ట్రాఫిక్‌లో మా ఆటో ఆగిపోయింది. పక్కనే ఇనుప పట్టాల మీద నడిచే ప్రొక్లెయిన్ ఉంది. దానికి ముందుకు వెళ్లడానికీ, వెనక్కి రావడానికీ చోటు లేదు. అది ఒక పట్టాను ముందుకూ, రెండోదాన్ని వెనక్కూ నడిపి, ఉన్నచోటే గిర్రున తిరిగింది. "అక్కా, దానికి చుక్కాని లేదు!" అని తమ్ముడు అరిచాడు. ఆటోడ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు.

మళ్లీ నాన్నకు ఫోన్ చేశాం. రిగ్గుల దగ్గర ఇలాంటి యంత్రాలు రోజూ చూసే మనిషి కాబట్టి ఆయనకు హుషారొచ్చింది. ప్రొక్లెయిన్‌లో డీజిల్ ఇంజను పట్టాలను నేరుగా తిప్పదు. అది పంపును తిప్పుతుంది. పంపు నూనెను ఒత్తిడితో గొట్టాల్లోకి తోస్తుంది. ఆ నూనె పట్టా దగ్గరున్న హైడ్రాలిక్ మోటారులోకి వెళ్లి దాన్ని తిప్పి, తిరిగి వెనక్కొస్తుంది. నూనె వెళ్లే దారిని తిరగేస్తే మోటారు వెనక్కి తిరుగుతుంది. ఇంజను మాత్రం ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరుగుతుంటుంది. "ఇదే పద్ధతిలో తెడ్డు చక్రాల ప్రయాణికుల పడవను కూడా నడపొచ్చు. ఇంజను ఎక్కడైనా పెట్టుకోవచ్చు, చక్రాల దాకా గొట్టాలు వేస్తే చాలు. దుంగ అడ్డుపడి చక్రం ఆగిపోతే, ఒత్తిడి పెరిగి ఒక వాల్వు తెరుచుకుంటుంది. నూనె ట్యాంకుకు వెళ్లిపోతుంది, చక్రం విరగదు. అయితే దారిలో కొంత శక్తి వేడిగా పోతుంది. నూనె కారకుండా కూడా చూసుకోవాలి," అన్నారు.

సైన్సు ప్రదర్శనకు ఏం చేయాలో అప్పుడే నిర్ణయించుకున్నాం. లైబ్రరీ మేడం సాయంతో పాత పడవల గురించి చదివాం. 1946లో స్కాట్లాండ్‌లో నీళ్లలోకి దిగిన వేవర్లీ అనే తెడ్డు చక్రాల ఓడ ఉంది. దాని చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. ఒకటి ముందుకూ ఇంకోటి వెనక్కూ తిప్పడం కుదరదు, చుక్కానితోనే తిరగాలి. అచ్చం మా గోపీ తలావ్ పడవలాగే! 1950ల చివర్లో బ్రిటిష్ నౌకాదళం చేయించిన తెడ్డు చక్రాల టగ్గు పడవల్లో మాత్రం చక్రాలను విడివిడిగా కరెంటు మోటార్లతో తిప్పేవారు. పెద్ద పెద్ద విమానవాహక నౌకలను ఇరుకు రేవుల్లో తోయడానికి అవి పనికొచ్చాయి.

మా పడవను థర్మాకోల్‌తో చేశాం. చక్రాలకు ఐస్‌క్రీం పుల్లలు వాడాం. నిజమైన నూనె మోటార్లు చేయడం మా వల్ల కాదు కాబట్టి, వాటి బదులు రెండు బొమ్మ మోటార్లు పెట్టి ఆ సంగతి చార్టు మీద రాశాం. చుక్కాని మాత్రం నిజంగా హైడ్రాలికే. రెండు సిరంజిలు, మధ్యలో సన్నని గొట్టం, నిండా రంగునీళ్లు. ఒక సిరంజి నొక్కితే రెండోది బయటికొచ్చి చుక్కానిని తోస్తుంది. మొదటిరోజు ఎంత నొక్కినా చుక్కాని కదల్లేదు. చూస్తే గొట్టంలో గాలిబుడగ. నీటిని నొక్కితే దాదాపు కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది. మా బలమంతా ఆ బుడగే మింగేసింది. గొట్టాన్ని నీళ్లలో ముంచి, బుడగ పోయేదాకా నింపడానికి ఒక సాయంత్రం పట్టింది.

మార్కెట్‌లో పార్సిళ్ల మీద కప్పే పాత టార్పాలిన్ ఒకటి మామయ్య తెచ్చాడు. డాబా మీద ఇటుకలు పేర్చి, దాని మీద టార్పాలిన్ పరిచి చెరువు చేశాం. పడవ ఉన్నచోటే గిర్రున తిరిగింది. తమ్ముడు కూడా దాంతో పాటు తిరిగాడు. కానీ నేరుగా వెళ్లమంటే వెళ్లదు. ఎప్పుడూ ఎడమకే లాగుతుంది. చూస్తే పడవ ఒకవైపుకు ఒరిగి ఉంది. ఒక చక్రం లోతుగా మునిగి బరువుగా, రెండోది పైపైన తేలికగా తిరుగుతోంది. బ్యాటరీలను జరిపి సరిచేశాం. జనమంతా ఫొటోల కోసం ఒకే పక్కకు వస్తే నిజం పడవకూ ఇదే జరుగుతుందని నాన్న చెప్పారు. ఒకే పంపు నుంచి రెండు మోటార్లకూ నూనె పంచితే, తేలికగా తిరిగే చక్రానికే ఎక్కువ నూనె పోతుందట. అందుకే ఒక్కో చక్రానికి ఒక్కో పంపు ఉంటే మేలట.

ఇదంతా అమ్మ బట్టలు ఆరేస్తూ వింటోంది. అమ్మకు బోటంటే భయం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి ఎంతోమంది చనిపోయిన వార్త చూసిన దగ్గర్నుంచి, పాపికొండల పేరెత్తితే మాట మార్చేస్తుంది. ఆరోజు మాత్రం వచ్చి టార్పాలిన్ పక్కన కూర్చుంది.

"అన్నీ బాగున్నప్పుడు తిరిగితే గొప్పేముంది? నడి ఏట్లో ఇంజను ఆగిపోతే?" అంది.

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "రెండు పంపులకు రెండు ఇంజన్లు పెడితే, ఒకటి ఆగినా ఇంకోటి ఉంటుందమ్మా," అన్నాం.

"అయితే ఒకటి ఆపి చూపించండి."

కుడి మోటారు తీగ తీసేశాం. పడవ గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. ఒకటి, రెండు, మూడు చుట్లు. అమ్మ ఏమీ అనలేదు. తమ్ముడు సిరంజి అందుకుని చుక్కానిని ఎదురువైపుకు నొక్కిపట్టాడు. చుట్టు పెద్దదైంది. ఇంకొంచెం నొక్కాడు. పడవ వంకరగా, పీతలా నడుస్తూ ఇటుకల అంచుకు వచ్చి ఆగింది. చుక్కాని ఉత్త చెక్క కాదు, ఒక్క చక్రమైనా నడుస్తుంటే చాలు, దానికీ పని ఉంటుంది.

"మెల్లగానైనా ఒడ్డుకొచ్చిందిగా," అంది అమ్మ. కాసేపు ఆ పడవ వంకే చూసింది. జూన్ నుంచి గ్యాస్ బండ, కరెంటు బిల్లు, బడి మీటింగులు, తమ్ముడి జ్వరాలు అన్నీ ఒక్కతే చూసుకుంటోంది. ఆ మాట మేము పైకి అనలేదు. అక్క మాత్రం లేచి మిగిలిన బట్టలు ఆరేసింది.

ప్రదర్శనలో మాకు రెండో బహుమతి వచ్చింది. అక్క పరీక్షలు అయ్యాయి. ఇప్పుడు మేమూ రాజమండ్రికి వెళ్తున్నాం. పడవ రైల్లో పట్టదని బడి ల్యాబ్‌లోనే వదిలేశాం. వచ్చే ఏడాది దాన్ని తీసేవాళ్ల కోసం ఒక కాగితం అంటించాం. ముందు గొట్టంలో గాలిబుడగ తీయండి, తర్వాత బ్యాటరీలు రెండు పక్కలా సమంగా ఉన్నాయో లేదో చూడండి, ఆఖరున ఒక తీగ తీసి కూడా నడిపి చూడండి అని.

నిన్న రాత్రి నాన్నతో ఫోన్‌లో అమ్మ అడగడం విన్నాం. "ఆ పాపికొండల బోట్లలో లైఫ్ జాకెట్లు అందరికీ ఇస్తారా? ఇంజన్లు ఎన్ని ఉంటాయి?"