మా మల్లి దురద

మా యింట మల్లి యను తెల్లని పిల్లి యున్నది. 2023వ సంవత్సరమున వానలు ప్రారంభమైన పిమ్మట అది రాత్రింబవళ్లు తన యొడలిని నాకుకొనుటయు గోకుకొనుటయు మేము గమనించితిమి. తోక మొదట వెండ్రుకలు రాలి, చర్మ మెఱ్ఱబారి, చేయి వేసినచో ఆవగింజలవంటి పొక్కులు తగులుచుండెను. అప్పుడు ఆఱవ తరగతి చదువుచున్న మా కనిష్ఠ కుమార్తె దానిని వైద్యునికి చూపుదమని పలుమాఱు కోరెను. పిల్లి దురదకు వైద్యు డెందుకని మేము నవ్వితిమి. ఇరువదియేండ్లు ప్రకృతిశాస్త్రము బోధించిన వారమను గర్వము మాకుండెను.

ఇరుగుపొరుగువారు తలకొక మందు చెప్పిరి. ఒకరు కిరసనాయిలు పూయుమనిరి. ఒకరు కర్పూరము కలిపిన కొబ్బరినూనె మంచిదనిరి. మఱియొకరు ఫినాయిలు నీళ్లతో స్నానము చేయింపు మనిరి. ఇవి యన్నియు మూఢవైద్యములని త్రోసివేసి, ఒక మిత్రుని కుక్కకు వాడగా మిగిలిన చుక్కలమందు తెచ్చి, ఒకనాటి సాయంకాలమున మల్లి వీపున పోసితిమి. కుక్కకు మేలు చేసినది పిల్లికి కీడు చేయునా యని మా తర్కము.

రాత్రి తొమ్మిది గంటలకు దాని చెవులు అదరసాగెను. పది గంటలకు కాళ్లు వణకి, నిలువలేక కూలబడి, దేహమంతయు కొట్టుకొనసాగెను. మా కుమార్తె యేడ్చుచు చెత్తబుట్టలోనుండి ఆ మందు పెట్టెను తీసి, దీపము క్రింద చదివి, “నాన్నగారూ, పిల్లులకు వాడరాదని దీనిమీద వ్రాసియున్నదే!” యనెను. ప్రశ్నను రెండుమాఱులు చదివినగాని కలము పట్టవలదని ఏటేట పరీక్షలకు ముందు పిల్లలకు చెప్పువారము మేమే. ఆ బిడ్డ ముఖము చూడలేకపోతిమి.

ఆ రాత్రియే పశువైద్యుని యింటి తలుపు తట్టితిమి. ఆయన మమ్ము నిందింపలేదు. గోరువెచ్చని నీటితోను, గిన్నెలు తోము సబ్బుతోను ఆ మందును కడిగివేయించి, తువ్వాలున చుట్టించి, వణకు అణగుటకు సూదిమందు వేసెను. దీనికి విఱుగుడు మందు లేదనియు, దేహము దానంతట అది విషమును వెళ్లగొట్టుకొనువఱకు కాపాడుటయే మార్గమనియు చెప్పెను. పిల్లికొఱకు ప్రార్థింపవచ్చునా యని మా కుమార్తె యడిగెను. వచ్చునంటిమి. మూడవనాటి సాయంకాలమున మల్లి చేపముక్కను ముట్టెను.

ఆ మందులోనిది పెర్మెత్రిను అను పదార్థము. కుక్క కాలేయము దానిని మార్చి వెలికి పంపగలదు. పిల్లి కాలేయమున కా శక్తి మిక్కిలి తక్కువ. ఫినాయిలు విషయమును అట్టిదే. పైగా పిల్లి తన యొంటిపై పూసిన దెల్ల నాకి మ్రింగును. ఇరుగుపొరుగువారి వైద్యమునకును మా వైద్యమునకును భేద మంతగా లేకుండెను.

ఇక దురదకు కారణ మేమి? వైద్యుడు సన్నని పండ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిసిన తెల్లకాగితముపై నుంచెను. అవి ఎఱ్ఱగా కరగెను. అది మిన్నల్లి రెట్ట, అనగా జీర్ణమైన రక్తము. దావీదు సౌలుతో తన్ను మిన్నల్లితో పోల్చుకొనిన సంగతి సమూయేలు మొదటి గ్రంథము 24వ అధ్యాయమున ఎన్నియోసారులు బోధించితిమి గాని, ఆ జీవి మా చాప క్రిందనే కాపురమున్నదని యెఱుగము! దాని లాలాజలము పడని పిల్లికి ఒకటి రెండు కాట్లే చాలును. పిల్లి నాకి మ్రింగివేయుటచేత పురుగు మన కంటబడదు; మ్రింగిన మిన్నల్లి వలన బద్దెపురుగులును కలుగవచ్చును.

ఆడ మిన్నల్లి దినమునకు 40 వఱకు గ్రుడ్లు పెట్టును. అవి బొచ్చునుండి జాఱి పరుపు సందులలోను, నేల పగుళ్లలోను చేరును. గూటిలోని పురుగు నెలల తరబడి దాగియుండగలదు. కావున పిల్లికి మాత్రమే మందు వేసిన చాలదు. పిల్లులకై చేసిన చుక్కలమందును, దాని బరువునుబట్టి, నాలుక యందని మెడ వెనుక నెలకొకసారి వేసితిమి. పడకబట్టలు వేడినీట నుదికి యెండవేసితిమి. మూల మూలల దుమ్ము దినదినము తీసితిమి. మూడునెలలు పట్టెను.

అన్ని దురదలును మిన్నల్లివే కావు. చెవుల యంచులయందు మందమైన పొక్కులు కట్టినచో గజ్జిపురుగు కావచ్చును. గుండ్రముగా బొచ్చు రాలినచో తామర కావచ్చును. అది పిల్లల కంటును గనుక పిల్లిని ఎత్తుకొనకముందే వైద్యునికి చూపవలెను.

క్రిస్మసునాటికి మల్లి తోక మొదట క్రొత్త వెండ్రుకలు దట్టముగా వచ్చెను. ఇప్పుడు మందు పెట్టెమీది వ్రాతను మా కుమార్తె పైకి చదువును, మేము విందుము. మల్లి మాత్రము మా చేత సీసా కనబడినచో నేటికిని మంచము క్రిందికి పోవును. ఆ బిడ్డ పిలిచినగాని వెలికి రాదు.