ఆపా ఇంటి ఛత్, నానా అబ్బా సుర్ఖీ



పోయిన ఏప్రిల్లో బోధన్‌లో మా ఆపా ఇంటికి స్లాబ్ పడింది. రెండు గదులు, ఓ చిన్న దాలాన్. "సూద్ కట్టే ఇంట్లో నాకు నిద్ర పట్టదురా" అని బ్యాంకు లోన్ మాటే ఎత్తనివ్వలేదు. దుల్హేభాయ్ దుబాయ్ నుంచి పంపిన కమాయీ, కుట్టుమిషన్ మీద ఆపా దాచుకున్నది, అంతే. అందుకే ప్రతి సిమెంటు బస్తాకీ హిసాబ్.

మేస్త్రీ వస్తూనే అన్నాడు: "53 గ్రేడే తెప్పించండి సాబ్. పీపీసీలో బూడిద కలుపుతారు." అమ్మీ అందుకుంది: "చూల్హాలో బూడిదతో ఎవరైనా మకాన్ కడతారా?"

నాకు నానా అబ్బా గుర్తొచ్చారు. ఆయన పాతకాలం మేస్త్రీ. గానుగలో సున్నం నూరి, కాల్చిన ఇటుకల పొడి కలిపేవారు. కరక్కాయ నీళ్ళు, బెల్లం కూడా పడేవి. ఆ పొడి పేరు సుర్ఖీ. సుర్ఖ్ అంటే ఎరుపు కదా, కానీ అది రంగు కోసం కలిపేది కాదు. కాలిన మట్టి సున్నంతో కలిస్తే తడిలో కూడా రాయిలా గట్టిపడుతుంది. 1953లో పూర్తయిన తుంగభద్ర డ్యామ్ కట్టడంలో కూడా సుర్ఖీ వాడారు.

పీపీసీలో బూడిద చేసేదీ అదే కామ్. సిమెంటు గట్టిపడేటప్పుడు కొంత సున్నం మిగులుతుంది. రామగుండం లాంటి చోట బొగ్గు కాలగా వచ్చే సన్నబూడిద ఆ సున్నాన్ని పట్టుకుని మళ్ళీ గట్టిపడుతుంది. మన దేశంలో 35 శాతం దాకా కలపొచ్చు. చూల్హా బూడిద పనికిరాదు, అమ్మీ మాట అంతవరకు సహీ.

బూడిద కలిపినకొద్దీ క్లింకర్ తగ్గుతుంది. అసలు ఫిక్ర్ దాని గురించే. సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాలిస్తే క్లింకర్ వస్తుంది. బొగ్గు పొగ ఒకటైతే, రాయిలోంచే అంతకంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. దునియా మొత్తం వదిలేదాంట్లో దాదాపు 7 శాతం సిమెంటుదే. ఎండలు ముదిరితే ముందు మాడేది రేకుల కిందా పలచని స్లాబుల కిందా ఉండే గరీబులే.

ఇప్పుడు స్విట్జర్లాండ్, క్యూబా, మన ఐఐటీల సైంటిస్టులు కలిసి ఎల్‌సీ3 అనే సిమెంటు తయారుచేశారు. సగం క్లింకర్, 30 పాళ్ళు కాల్చిన బంకమట్టి, 15 పాళ్ళు పచ్చి సున్నపురాయి, మిగతాది జిప్సం. మట్టికి 700–850 డిగ్రీల వేడి చాలు. కార్బన్ 30–40 శాతం తగ్గుతుంది. 2023లో దీనికి భారత ప్రమాణం కూడా వచ్చింది. నానా అబ్బా ఉంటే "అరే, ఇది మన సుర్ఖీయే!" అనేవారు. మా బజార్లో అడిగితే మాత్రం దుకాణ్‌దార్ నవ్వి చాయ్ తాగించాడు.

చివరికి పీపీసీయే తెచ్చాం. బస్తాకు కొన్ని రూపాయలు తగ్గింది.

ఇక నా గల్తీ. స్లాబ్ పడ్డ మూడోరోజే నిజామాబాద్ వచ్చేశాను. పీపీసీకి తడి ఎక్కువ రోజులు కావాలి. కనీసం 10 రోజులు, మన ఎండల్లో 14. స్లాబ్ మీద వరిమడుల్లా గట్లు కట్టి నీళ్ళు నిలపాలి. ఈ మాట ఆపాకి సరిగ్గా చెప్పలేదు. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. అయిదోరోజు ఆపా ఫోన్లో ఏడుస్తోంది: వెంట్రుకల్లా బీటలు.

"నేను ముందే చెప్పాను సాబ్, బూడిద అని" అన్నాడు మేస్త్రీ. తెలిసిన ఇంజనీరు వచ్చి చూసి, పైపైవే, ఖత్రా లేదన్నాడు. అల్హమ్దులిల్లాహ్. సెలవు పెట్టి వెళ్ళి గోనెసంచులు పరిచి, ట్యాంకర్ తెప్పించి తడిపాను. సిమెంటులో మిగిలిందంతా ట్యాంకర్‌కే పోయింది.

అబ్బా షక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో పనిచేశారు. 2015 డిసెంబర్‌లో అది మూతపడింది. సరిగ్గా కాల్చి మెత్తగా నూరితే చెరుకుపిప్పి బూడిద కూడా సిమెంటులో కలుస్తుందట అని సాయంత్రం తడుపుతూ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "లారీలకు లారీలు గుంతల్లో పోశాం బేటా" అన్నారు.

మొన్న ప్రహరీ గోడ పనికి మేస్త్రీ ఫోన్ చేశాడు. ఏ సిమెంటు తేవాలి అని అడిగాడు.

"ముందు డ్రమ్ములు నిండనీ భయ్యా, అప్పుడు చెప్తా" అంది ఆపా.